గోవా దాకా ఎందుకు, ఇంటి ముందు ఇసుక చాలు

ప్రయాణ వైద్యం మీద వచ్చిన పుస్తకాలు చాలావరకు ఒకే మనిషిని ఊహించుకుని రాసినవి. ఆయనది చలిదేశం. సెలవు పెట్టి వేడిదేశానికి వచ్చాడు, చెప్పుల్లేకుండా సముద్రపు ఒడ్డున నడిచాడు, ఇంటికెళ్లాక అరికాల్లో దురద మొదలైంది. లండన్‌లోనో బెర్లిన్‌లోనో డాక్టరు “ఈమధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?” అని అడిగాడు. సగం జబ్బు అక్కడే తెలిసిపోయింది.

సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఉండే మనిషి దగ్గర ఆ ప్రశ్న అంత తేలిగ్గా పనిచేయదు. ఆయన పుట్టి పెరిగిందే ఉష్ణమండలంలో. అలాగని ఆయన ప్రయాణం చేయడా అంటే, చేసినంత చేస్తాడు. కోదాడ కుర్రాళ్లు తెల్లవారుజామున కారెక్కి మధ్యాహ్నానికల్లా సూర్యలంకలో సముద్రస్నానం చేస్తారు. మిర్యాలగూడ నుంచి పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా చీరాల ఓడరేవుకు వెళ్లేవాళ్లున్నారు. కాస్త డబ్బుంటే గోవా, ఇంకాస్త ఉంటే థాయిలాండ్. సౌదీలో పనికి వెళ్లినవాళ్లు, ఆఫ్రికాలో కంపెనీల్లో ఉన్నవాళ్లు, అమెరికా నుంచి సంక్రాంతికి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు వేరే. వీళ్లతోపాటు బీహార్, బెంగాల్ నుంచి ఇక్కడికి పనికి వచ్చేవాళ్లూ ప్రయాణికులే, కాకపోతే వాళ్లను ఆ పేరుతో ఎవరూ పిలవరు.

కాబట్టి చర్మాన్ని పట్టే పరాన్నజీవుల సంగతి మన ఊళ్ల నుంచి చూడాలంటే ఏ దేశం వెళ్లొచ్చావని మాత్రమే అడిగితే సరిపోదు. కాలు ఏ మట్టి మీద పడింది, ఏ నీళ్లలో నిలబడ్డావు, ఎవరి పక్కన పడుకున్నావు అని కూడా అడగాలి. వీటితోపాటు అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది: ఇప్పటికే ఏ ట్యూబు పూశావు? నన్నడిగితే మన దగ్గర అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

ప్రయాణికుల చర్మవ్యాధుల్లో బాగా పేరుమోసినది పాకే పురుగు. కుక్కల, పిల్లుల పేగుల్లో ఉండే కొంకి పురుగు గుడ్లు వాటి మలంతో నేల మీద పడతాయి. తడి, నీడ, వెచ్చదనం ఉన్న ఇసుకలో అవి పిల్లపురుగులై, వారం పది రోజుల్లో చర్మంలోకి దూరగల స్థితికి వస్తాయి. మనిషి అరికాలో పిర్రో మోచెయ్యో ఆ ఇసుకకు తగిలితే చాలు, లోపలికి దిగుతాయి. అయితే ఈ పురుగు పుట్టింది కుక్క కోసం. కుక్క ఒంట్లో అయితే చర్మం దాటి, రక్తంలో కలిసి, పేగు చేరి, గుడ్లు పెడుతుంది. మనిషి చర్మంలో పైపొర కింద దానికి దారి మూసుకుపోతుంది. కిందికి దిగలేక పక్కలకు తిరుగుతుంది. రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా నడుస్తూ, దారీ తెన్నూ లేక చివరికి అక్కడే చచ్చిపోతుంది.

దగ్గరగా చూస్తే గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున, కాస్త ఉబ్బెత్తుగా, చర్మం కింద ఎర్ర దారం వంకర్లు తిప్పి కుట్టినట్టు ఒక గీత ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. నిన్న బొటనవేలి మొదట్లో ఆగిన కొస ఇవాళ అరికాలి మధ్యకు వచ్చి ఉంటుంది. రాత్రిపూట దురద నిద్ర పట్టనివ్వదు. పురుగు మాత్రం ఆ గీత కొసన ఉండదు, దానికంటే కొంచెం ముందు, ఇంకా ఎర్రబడని చర్మంలో ఉంటుంది. అందుకే గీత కొసను సూదితో గుచ్చినా, మంచుగడ్డ పెట్టినా పురుగు దొరకదు, పుండు మాత్రం మిగులుతుంది. పాత రోజుల్లో డాక్టర్లే ఆ చోటును గడ్డకట్టించి చూసేవారు. ఇప్పుడు ఆ పద్ధతి వద్దంటున్నారు. ఆల్బెండజోల్ మాత్రలు మూడు రోజులు, కొందరికి ఇంకొన్ని రోజులు, లేదంటే బరువును బట్టి ఐవర్‌మెక్టిన్ ఒక్క మోతాదు సరిపోతాయి. మందు వేయకపోయినా కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో దానంతటదే తగ్గుతుంది. అయితే అన్నాళ్లు ఆ దురద భరించమని ఎవరికీ చెప్పలేం.

ప్రయాణికుల జబ్బుల్ని గమనించడానికి 1995లో మొదలైన జియోసెంటినెల్ అనే అంతర్జాతీయ క్లినిక్‌ల వ్యవస్థ ఉంది. వాళ్లు ప్రచురించిన ఒక పెద్ద లెక్కలో, ప్రయాణం నుంచి చర్మ సమస్యతో తిరిగొచ్చినవారిలో దాదాపు పదిమందికి ఒకరిది ఈ పాకే పురుగే. మన దగ్గర దానికి అలాంటి లెక్క కుదరదు. కారణం, ఇక్కడ అది అంటడానికి సముద్రమే అక్కర్లేదు.

మన ఏ వీధి అయినా చూడండి, ఇల్లు కడుతున్న చోట ట్రాక్టరుతో తెచ్చి పోసిన ఇసుక కుప్ప ఒకటి ఉంటుంది. అది మూసీ ఇసుకో కృష్ణ ఇసుకో కావచ్చు. స్లాబ్ పడేదాకా నెలల తరబడి అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు వీధి కుక్కలు దాన్ని గోకి, లోపలి చల్లటి తడి ఇసుకలో పడుకుంటాయి. తెల్లారగట్ల అక్కడే కాలకృత్యాలు తీర్చుకుంటాయి. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు అదే కుప్పలో గూళ్లు కడతారు. పాకే పురుగుకు కావలసిన తడి, నీడ, కుక్క, ఒట్టి కాలు అన్నీ అక్కడే ఉన్నాయి. మనదేశంలో సముద్రం మొహం చూడని పిల్లల్లో ఈ గీతలు కనిపించడానికి ఇలాంటి ఇసుకే కారణమని చర్మవైద్యులు ఎన్నోసార్లు రాశారు. దీనికి పరిష్కారం కూడా మందుల్లో లేదు. ఇసుక మీద టార్పాలిన్ కప్పితే కుక్క పడుకోదు, వానకు తడవదు, ఇసుకా పోదు. మేస్త్రీకి అదనంగా అయ్యే ఖర్చు ఆ పట్టా ఖరీదే.

కొంకి పురుగు చర్మం గుండా వస్తుందన్న సంగతి బయటపడిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పురుగు పిల్లలున్న నీటిబొట్టును పొరపాటున చేతి మీద పోసుకున్నాడు. ఆ చోట ఎర్రబడి మంట పుట్టింది. కొన్ని వారాల తర్వాత ఆయన మలంలోనే పురుగు గుడ్లు కనిపించాయి. నోటి ద్వారానే వస్తుందని అందరూ అనుకుంటున్న కాలం అది. మనుషుల కొంకి పురుగు కుక్కల పురుగులా చర్మంలో ఇరుక్కుపోదు, పేగుదాకా చేరి రక్తం తాగుతుంది. అది దూరిన చోట కాలివేళ్ల సందుల్లో నాలుగు రోజులు దురదపెట్టి ఊరుకుంటుంది. వానాకాలంలో పొలం గట్ల మీద తిరిగేవాళ్లకు ఆ దురద కొత్త కాదు, దాని వెనక రక్తహీనత వస్తుందనేదే కొందరికి తెలియదు. 2015 నుంచి బడి పిల్లలకు నులిపురుగుల దినం పేరుతో వేస్తున్న ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగు కోసం కూడా.

ఇక ట్యూబు కథ. మన బస్టాండు దగ్గర ఏ మందుల షాపులోనైనా రోజూ జరిగే మాట ఇది.

“అన్నా, దురదకు ఏదన్నా మంచి ట్యూబ్ ఇయ్యి.”

“ఎన్ని దినాలైందే?”

“పది దినాలైంది. రాత్రైతే నిద్ర లేదు.”

“ఇది పుయ్యి, రెండు దినాల్ల తగ్గుతది.”

నిజంగానే రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ ట్యూబులో ఫంగస్ మందు, బాక్టీరియా మందు, వాటితోపాటు బలమైన స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణిచేస్తుంది, జబ్బును మాత్రం ముట్టుకోదు. తామరకు పూస్తే తామర లోలోపల పాకి, అంచులు చెరిగి, చర్మవైద్యుడు కూడా గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది. గజ్జికి పూస్తే దురద తగ్గినట్టనిపించి, పురుగు మాత్రం హాయిగా పెరుగుతుంది. పాకే పురుగు గీతకు పూస్తే ఎరుపు మాయమై గీత కనపడదు, మానేసిన నాలుగో రోజు ఇంకోచోట తేలుతుంది. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన నిబంధన అది. షాపుల్లో అది ఎంతవరకు అమలవుతోందో పై సంభాషణే చెబుతుంది.

ఈ స్టెరాయిడ్ కథలో నిజంగా ప్రాణం మీదికి తెచ్చే పురుగు ఒకటుంది, దాని పేరు స్ట్రాంగిలాయిడ్స్. ఇది కూడా మట్టి నుంచి చర్మం గుండా దూరేదే, కానీ మనిషి ఒంట్లోనే తరం తర్వాత తరం పుట్టగలదు, అందుకే దశాబ్దాలు ఉండిపోతుంది. చర్మం మీద దాని గీత కూడా కనిపిస్తుంది. కుక్కల కొంకి పురుగు రోజుకు సెంటీమీటరు నడిస్తే ఇది గంటకు కొన్ని సెంటీమీటర్లు పరుగెడుతుంది. ఎక్కువగా పిర్రల మీద, తొడల మీద వచ్చి కొన్ని గంటల్లోనే మాయమవుతుంది. ఇలాంటి మనిషికి ఆస్తమాకో కీళ్లనొప్పులకో కోవిడ్‌కో ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షన్లో పడితే పురుగు అదుపు తప్పి ఊపిరితిత్తులు, మెదడు దాకా పాకి మనిషిని చంపేస్తుంది. మట్టిలో పనిచేసిన మనిషికి చాన్నాళ్లు స్టెరాయిడ్ ఇవ్వబోయే ముందు ఒక మలపరీక్ష, ఒక రక్తపరీక్ష అడగడం పెద్ద పనేం కాదు.

గజ్జి దగ్గరికొస్తే, దీన్ని ఉష్ణమండల ప్రయాణపు జబ్బు అంటే మనవాళ్లు నవ్వుతారు. బస్సుల్లో గజ్జి, తామర, దురద మందులు అమ్మేవాళ్ల పాట వినని మనిషి లేడు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ప్రపంచంలో ఏ సమయంలో చూసినా దాదాపు 20 కోట్ల మందికి ఉంటుందని అంచనా. ప్రయాణంలో అంటడానికి దీనికున్నన్ని అవకాశాలు ఏ పురుగుకూ లేవు. కంటికి ఆనీ ఆనని ఈ పురుగు ఆడది చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మామూలు గజ్జిలో ఒంటి మొత్తం మీద పట్టుమని పదిహేను పురుగులు కూడా ఉండవు. అంత దురద వాటి కాటు వల్ల కాదు, ఒళ్లు వాటి మీద చూపించే అలర్జీ వల్ల. అందుకే మొదటిసారి అంటిన మనిషికి నాలుగు నుంచి ఆరు వారాలు ఏమీ తెలియదు. ఆ సమయంలో ఆయన ఇంటిల్లిపాదికీ పంచుతాడు.

దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో పెద్దదిగా చెప్పుకునే జాతర అది. లక్షల మంది గుట్ట చుట్టూ ఆరుబయట రాత్రిళ్లు గడుపుతారు. జాతర అయ్యాక ఊళ్లో ఎవరికైనా దురద వస్తే “జాతరల అంటింది” అనేస్తారు. ఈ విషయంలో నాకు జాతర తరఫున మాట్లాడాలనిపిస్తుంది. గజ్జి అంటాలంటే చర్మానికి చర్మం చాలాసేపు తగలాలి, లేదా ఒకే దుప్పటి కింద పడుకోవాలి. క్యూలో నిలబడితేనో ప్రసాదం అందుకుంటేనో అంటదు. జాతర కంటే హాస్టళ్లు వంద రెట్లు అనువైన చోటు. పక్కపక్క పరుపులు, మార్చుకునే బట్టలు, ఒకే తువ్వాలు. దసరాకో సంక్రాంతికో పిల్లలు ఇంటికి వస్తారు. వాళ్లు వెళ్లిపోయిన నెలకు ఇంట్లో నాయనమ్మ గోక్కోవడం మొదలుపెడుతుంది. జాతర అప్పటికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

గుర్తుపట్టడానికి చిన్న పరీక్ష ఉంది, ఏ పల్లెలోనైనా చేయొచ్చు. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద అనుమానంగా ఉన్న చోట పెన్ను సిరా రాసి, స్పిరిటు దూదితో తుడవాలి. పైసిరా అంతా పోతుంది. పురుగు తవ్విన సొరంగంలోకి దిగిన సిరా మాత్రం సన్నటి నల్లగీతగా మిగులుతుంది. చర్మవైద్యుల దగ్గర ఉండే డెర్మోస్కోప్‌లో చూస్తే ఆ గీత కొసన చిన్న ముక్కోణం కనిపిస్తుంది. అది పురుగు తల.

వైద్యం సులువైనదే, కుదరనిది క్రమశిక్షణ. 5 శాతం పర్మెత్రిన్ క్రీము రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, బొడ్డులో, రహస్యాంగాల దగ్గర కూడా వదలకుండా పూసి, పొద్దున్నే స్నానం చేసి, వారానికి మళ్లీ ఒకసారి పూయాలి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ అదే రాత్రి పూసుకోవాలి. దురద ఉన్న చోట కాస్త పూసుకుని, మిగతా ట్యూబు దాచుకునే ఇళ్లే ఎక్కువ. ఇంట్లో ఒక్కరు మానేసినా నెల తిరక్కుండా అందరికీ మళ్లీ వస్తుంది. మందు పనిచేయలేదని, పురుగు మొండికేసిందని అంటారు. కొన్నిచోట్ల పర్మెత్రిన్‌కు లొంగని పురుగులున్నాయన్న చర్చ వైద్య పత్రికల్లో నిజంగానే జరుగుతోంది. అయినా మన ఇళ్లలో మందు ఓడిపోయిన ప్రతిసారీ ముందు అడగాల్సింది ఎంతమంది పూసుకున్నారు అని. పురుగులన్నీ చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పని డాక్టరు దగ్గరికి రోగి మళ్లీ రాడు, ట్యూబు కోసం షాపుకు పోతాడు.

ఐవర్‌మెక్టిన్ మాత్ర గజ్జికీ పనిచేస్తుంది, పాకే పురుగుకూ పనిచేస్తుంది. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు అది. దాని వెనక ఉన్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. కోవిడ్ రోజుల్లో మన షాపుల్లో అది పప్పుబెల్లాల్లా అమ్ముడుపోవడంతో చాలామందికి పేరు తెలిసింది. 15 కిలోల లోపు పిల్లలకూ, గర్భిణులకూ సాధారణంగా ఇవ్వరు.

పొలం వైపు వెళదాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరిచేలయ్యాయి. నీళ్లు వచ్చిన చోటికి నత్తలూ వస్తాయి. వాటిలో ఇండోప్లానార్బిస్ అనే చప్పటి చుట్టలా ఉండే నత్త పశువుల రక్తపు పురుగులకు ఇల్లు. ఆ పురుగు పిల్లలు నత్త నుంచి నీటిలోకి వచ్చి, ఆవు, గేదె చర్మంలోకి దూరతాయి. మద్రాసులో ఎం.ఎ.ఎన్. రావు 1933లో వర్ణించిన షిస్టోసోమా నేసేల్ ఈ జాతిదే. పశువు ముక్కులో పుండై ఊపిరాడక గురకపెట్టే జబ్బుకు కారణం అదే. ఆ పిల్లపురుగులు పొరపాటున నాటు వేసే మనిషి కాళ్లలోకి దూరితే అక్కడే చచ్చిపోతాయి, వెనక దురద పొక్కులు మిగులుతాయి. అస్సాంలో, ఛత్తీస్‌గఢ్‌లో వరిపొలాల్లో ఇలాంటి దురదను వైద్యులు నమోదు చేశారు. మలేసియాలో దీనికి వరిపొలం దురద అనే పేరే ఉంది.

మన నాట్లలో మోకాళ్ల దాకా వచ్చే దురదలో ఎంత ఈ పురుగు వల్ల, ఎంత యూరియా, పురుగుమందు నీళ్ల వల్ల, ఎంత రోజంతా నీళ్లలో నాని వేళ్ల సందులు పాచిపోవడం వల్ల అన్నది విడదీసి చూసినవాళ్లు తక్కువ. నాట్లకు వచ్చే ఆడవాళ్లకు మాత్రం లక్షణాలు బాగా తెలుసు. పురుగుదైతే మడిలోంచి బయటికి వచ్చిన గంటల్లోనే చిటపటలాడి, నీళ్లు తగిలిన ఎత్తుదాకానే పొక్కులు లేచి, వారానికి వాటంతటవే తగ్గుతాయి. కిందటేడు వచ్చినవాళ్లకు ఈ ఏడు ఇంకా గట్టిగా వస్తుంది. బాతులు, పశువులు దిగే మడి అయితే అనుమానం ఎక్కువ. దీనికి పురుగును చంపే మందు ఏదీ అవసరం లేదు. మడిలోంచి లేవగానే మంచినీళ్లతో కడిగి, పొడిబట్టతో గట్టిగా తుడుచుకోవడం ఉత్తమం. చర్మం మీది నీటి పొర ఆరేలోపే ఆ పిల్లపురుగులు దూరతాయి కాబట్టి.

ఇక్కడిదాకా మనం వెళ్లిన ప్రయాణాలు, మన నేల. మన దగ్గరికి వచ్చేవాళ్ల విషయంలో మన వైద్యులు, ఆరోగ్య సిబ్బంది ఇంకాస్త కళ్లు తెరవాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ పని ఇప్పుడు చాలావరకు బీహార్ వాళ్ల భుజాల మీద నడుస్తోంది. మేళ్లచెర్వు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం పనుల్లో ఉత్తరాది కూలీలు ఉన్నారు. 2020 మేలో, లాక్‌డౌన్‌లో దేశమంతా కూలీలు సొంతూళ్లకు నడుస్తుంటే, తెలంగాణ మిల్లుల కోసం ఖగడియా నుంచి లింగంపల్లికి ఎదురు రైలు వచ్చింది. ఆ ఖగడియా జిల్లా కాలా అజార్ ఉన్న ప్రాంతం.

కాలా అజార్ ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు. దాని క్రిమిని మద్రాసు జనరల్ ఆస్పత్రిలో చార్లెస్ డోనోవన్ 1903లో గుర్తించాడు. బీహార్‌లో 38 జిల్లాలకు 33 దాని పరిధిలోవే. నయమైన కొందరికి నెలలకో, ఏళ్లకో చర్మం మీద తెల్లమచ్చలు, గడ్డలు వస్తాయి, ముఖం మీద ఎక్కువ. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, మనిషి పనికి పోతూనే ఉంటాడు. చూసినవాళ్లు కుష్ఠు అనుకుంటారు. రెంటికీ తేడా ఒక్క దూదిపోగుతో తెలుస్తుంది. కుష్ఠు మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది, ఇందులో స్పర్శ చెక్కుచెదరదు. కుష్ఠు మందులు ఏడాది తిన్నా ఈ మచ్చలు పోవు. మిల్టెఫోసిన్ మాత్రలు 12 వారాలు వాడాలి. పైగా ఆ మచ్చల్లో ఉన్న క్రిమి ఈగ ద్వారా ఇంకొకరికి పాకగలదు, ఆ ఈగ దక్షిణాదిలోనూ ఉంది. దేశంలో కాలా అజార్‌ను నిర్మూలన లక్ష్యం కిందకు 2023లో తెచ్చాం. ఆ విజయం నిలవాలంటే మిర్యాలగూడలో మచ్చలున్న ఒక హమాలీని “మీ ఊళ్లో ఎప్పుడైనా చాన్నాళ్లు జ్వరం వచ్చిందా?” అని హిందీలో అడిగే ఆరోగ్య కార్యకర్త ఉండాలి.

ఇదే కుటుంబానికి చెందిన చర్మపు పుండు గల్ఫ్‌లో ఉంది. సౌదీలోని అల్ అహ్సా ఒయాసిస్ ప్రాంతం దానికి చాలాకాలంగా పేరుపడ్డ చోటు. నొప్పి లేకుండా, అంచులు ఉబ్బి, మధ్యలో గుంటపడి, నెలల తరబడి మానని పుండు. సెలవుకు వచ్చిన మనిషికి ముంజేతి మీదో చెంప మీదో ఇలాంటిది ఉండి, రెండు కోర్సుల యాంటీబయోటిక్స్‌కు లొంగకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆఫ్రికా నుంచి వచ్చేవాళ్లవి వేరే రకాలు. ఆరేసిన బట్టల మీద గుడ్లు పెట్టే ఈగ ఒకటి ఉంది, దాని పిల్లపురుగు చర్మంలో కురుపై పెరుగుతుంది. అక్కడి మనవాళ్లు లోదుస్తులకు కూడా ఇస్త్రీ చేసేది అందుకే. కామెరూన్, గాబన్ వైపు కంటిపొర కింద పాకే లోవా పురుగు ఉంది. చేతుల మీద వచ్చిపోయే వాపులు దాని గుర్తు.

ఆ లోవా పురుగుకూ, మన బోదకాలుకూ పనిచేసే మందు వెనక తెలుగు మనిషి ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచే 1947లో డైఇథైల్ కార్బమజైన్, హెట్రజాన్ పేరుతో వచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. ఊరూరా తిరిగి మింగించే డీఈసీ మాత్రలు అవే. అయితే రక్తంలో లోవా పిల్లపురుగులు ఎక్కువగా ఉన్న మనిషికి ఈ మందు గానీ ఐవర్‌మెక్టిన్ గానీ వేస్తే మెదడుకే ముప్పు. ముందు రక్తం చూడాలి. అందులోనూ వేళ ముఖ్యం. లోవా పిల్లలు పగలు రక్తంలో తిరుగుతాయి, మన ఫైలేరియావి రాత్రి. మన ఊళ్లకు ఫైలేరియా సిబ్బంది చీకటి పడ్డాక రక్తం తీయడానికి వచ్చేది అందుకే.

బోదకాలు గురించి ప్రయాణికుల్లో ఉన్న భయం చాలావరకు అనవసరం. అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని దోమ కుట్టిందని నెలంతా ఏడ్చిన తల్లులున్నారు. ఆ పురుగు ఒంట్లో స్థిరపడాలంటే నెలలు, ఏళ్ల తరబడి వందల కాట్లు పడాలి. సెలవుకు వచ్చిన పిల్లలకు డెంగీ గురించి భయపడటంలో అర్థముంది. బోదకాలు వచ్చాక కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టుకుంటే జ్వరపు దాడులు తగ్గుతాయన్నది మందంత విలువైన మాట.

చివరికి, మనదేశం నుంచి పూర్తిగా పోయిన పురుగు ఒకటి. నారి కురుపు. దిగుడు బావిలో నీళ్లు తాగిన ఏడాదికి, కాలి మీద పొక్కు పగిలి మీటరు పొడవు పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవారు. మనదేశంలో ఏడు రాష్ట్రాల్లో అది ఉండేది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. దానికి మందు లేదు, టీకా లేదు. బావుల మెట్లు మూసి, నీళ్లు బట్టతో వడకట్టి, వచ్చినవాళ్లను నీళ్లలో కాలు పెట్టకుండా ఆపి నిర్మూలించారు. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు విముక్తి పత్రం ఇచ్చింది. ప్రపంచంలో 1986లో దాదాపు 35 లక్షల కేసులున్న ఈ జబ్బు 2023లో 14కు వచ్చింది, ఎక్కువ చాద్‌లో. ఇప్పుడు మన ఊళ్లో అది కనపడాలంటే ప్రయాణికుడే తేవాలి.

ఇన్ని పురుగుల మధ్య లేని పురుగు కూడా ఒకటి ఉంది. ఒళ్లంతా పురుగులు పాకుతున్నాయని, అగ్గిపెట్టెలో పొట్టు, నూలుపోగులు పెట్టుకుని డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లుంటారు. ఆ అగ్గిపెట్టెనే వైద్యులు ఒక లక్షణంగా రాసుకున్నారు. స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ 1938లో దీన్ని వివరంగా వర్ణించాడు. వాళ్లను వెక్కిరించకండి, ట్యూబులూ ఇవ్వకండి. ముందు నిజంగా గజ్జి లేదని చూసి, ఆ తర్వాత మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి.

సూర్యాపేటలోనూ నల్గొండలోనూ 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడటానికి పెద్ద ఖర్చు లేదు. ఏ ఊరు వెళ్లొచ్చినా, ఏ ఊరూ వెళ్లకపోయినా, చర్మం మీద కొత్త గీతో మానని పుండో మచ్చో కనిపిస్తే మీరు చేయాల్సింది ఇది. ఏమీ పూయకముందే ఫోన్లో ఫొటో తీయండి. గీత కొసన పెన్నుతో చుక్క పెట్టి, రేపు మళ్లీ ఇంకో ఫొటో తీయండి. ఆ రెండు ఫొటోలు, ఇప్పటిదాకా వాడిన ట్యూబులు సంచిలో వేసుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఖాళీ అయిన ట్యూబులు కూడా పారేయకండి, వాటి మీద రాసి ఉన్న పేర్లు డాక్టరుకు కావాలి.